లైటు పెట్టి రోగం చెప్పే యంత్రం: ఎంతవరకు నమ్మొచ్చు?



పోయిన పంటప్పుడు మన గ్రూపుల్లో ఒక వీడియో బాగా తిరిగింది. అగ్గిపెట్టె అంత యంత్రం, నాలుగో జ్వరం లేచిన పురుగు మీద ఆనిస్తారు, ఒక సెకండులో ఫోన్లో పచ్చ గుర్తో ఎర్ర గుర్తో వస్తుంది. పచ్చ అయితే పురుగు బాగుంది, ఎర్ర అయితే రోగం. "నలుగురం కలిసి కొందామా" అని శిడ్లఘట్ట వైపు నుంచి, డెంకణికోట వైపు నుంచి కూడా అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్లో చెప్పే బదులు, మేము చదివి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నది ఈసారి అందరికీ రాస్తున్నాము.

ముందే మా అభిప్రాయం చెప్పేస్తాము. ఆ యంత్రం వెనక ఉన్న సైన్సు గట్టిది. ఆసుపత్రుల్లో రోజూ వాడుతున్నారు. కానీ యంత్రం కొలిచేది వెలుగులో ఏ రంగు ఎంత ఉంది అన్న లెక్క ఒక్కటే. రోగం పేరు దానికి తెలియదు. ఆ లెక్క నుంచి రోగం పేరు దాకా దారి మనుషులు వేయాలి. మన పురుగుకు, మన ఆకుకు ఆ దారి వేశారా లేదా అన్నదే మనం అడగాల్సింది.

ఈ యంత్రం పేరు స్పెక్ట్రోమీటర్. పేరు పెద్దది, పని మనకు తెలిసిందే. ఆకు రంగు చూసి యూరియా తక్కువైందని ఎట్లా చెప్తాము? పురుగు పండిందని ఎట్లా తెలుస్తుంది? పేగులో ఆకంతా ఖాళీ అయ్యి, ఒళ్లంతా పట్టు నిండి, వెలుగుకు అడ్డం పెడితే అద్దం మాదిరి కనిపిస్తుంది. అప్పుడు తీసి చంద్రికెలో వేస్తాము. గూడును లైటుకు పెట్టి చూసి లోపల ప్యూపా చచ్చి కరిగిందా అని చూస్తాము. ఇదంతా వెలుగుతో చేసే పరీక్షే. మన కంటికి మూడు రకాల రంగు కణాలే ఉన్నాయి కాబట్టి ఎరుపు, పచ్చ, నీలం కలిపి ఒక అందాజు చేస్తాము. స్పెక్ట్రోమీటర్ అదే వెలుగును పదులు, వందల ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకు ఒక అంకె ఇస్తుంది.

ఎట్లా కోస్తుందో ఇంట్లోనే చూడొచ్చు. పాత సీడీ ఒకటి తీసుకొని ట్యూబులైటు కింద వంచండి, రంగుల పట్టీ కనిపిస్తుంది. సీడీ మీద ఒక మిల్లీమీటరులో 600కు పైగా గీతలు ఉంటాయి. వాటికి తగిలిన వెలుగులో ఒక్కో రంగు ఒక్కో కోణంలో తిరిగి వస్తుంది. పెద్ద స్పెక్ట్రోమీటర్‌లో పని ఇదే. సన్నని సందు గుండా వెలుగు వస్తుంది, గీతల పలక దాన్ని విసనకర్ర మాదిరి విప్పుతుంది, అవతల కెమెరా చిప్పు లాంటిది కూర్చుని ఏ రంగు ఎంత పడిందో లెక్క రాసుకుంటుంది.

దీన్ని చిన్నది చేయడంలోనే కష్టమంతా ఉంది. రంగులు విడిపోవాలంటే వెలుగు కొంత దూరం నడవాలి. డబ్బా చిన్నదైతే రంగులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. సందు ఇంకా సన్నం చేస్తే రంగులు విడిపోతాయి గానీ లోపలికి వచ్చే వెలుగు తగ్గిపోతుంది. మడిలో నీళ్లు పారించినట్టే, ఒక గట్టు బిగిస్తే ఇంకో గట్టు తెగుతుంది. 1992లో అమెరికాలోని ఓషన్ ఆప్టిక్స్ అనే కంపెనీ చేతిలో పట్టే స్పెక్ట్రోమీటర్‌ను అమ్మకానికి తెచ్చింది, సముద్రపు నీటిని కొలిచే పని నుంచి పుట్టింది అది. తరువాత జపాన్‌లో హమామత్సు కంపెనీ బొటనవేలి కొన అంత, 5 గ్రాముల బరువుది చేసింది. అది 340 నుంచి 780 నానోమీటర్ల దాకా, అంటే మన కంటికి కనిపించే రంగులన్నీ చూస్తుంది. నానోమీటరు అంటే వెలుగుకు వాడే కొలబద్ద: నీలం 450 దగ్గర, పచ్చ 550 దగ్గర, ఎరుపు 650 దగ్గర అని గుర్తుంటే చాలు.

ఇంకా చవకది ఇంకో రకం. గీతల పలక లేకుండా, చిప్పు మీదే ఒక్కో గడికి ఒక్కో రంగు అద్దం అతికిస్తారు. బియ్యపు గింజ అంత చిప్పులో ఎనిమిదీ పదీ రంగులు విడిగా కొలుస్తుంది. చిప్పు మాత్రమే అయితే కొన్ని వందల రూపాయల వస్తువు. వీడియోల్లో వచ్చే అగ్గిపెట్టె యంత్రాల్లో ఎక్కువగా ఇట్లాంటివే ఉంటాయి. ఎనిమిది రంగులు కొలిచేది, రెండు వందల రంగులు కొలిచేది రెండింటినీ స్పెక్ట్రోమీటర్ అనే అమ్ముతారు, అది గుర్తు పెట్టుకోండి. చిన్నతనంలో అందరికంటే ముందున్నది 2019లో కేంబ్రిడ్జ్ వాళ్లు చూపించినది: వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని ఒకే ఒక్క తీగ, ఒక కొస నుంచి ఇంకో కొసకు దాని పదార్థం కొంచెం కొంచెంగా మారుతుంది, ఒక్కో చోట ఒక్కో రంగును పట్టుకుంటుంది. ఒక్క జీవకణం అంత చోటును కూడా దానితో కొలిచి చూపించారు. అది ఇంకా ప్రయోగశాల వస్తువు.

ఇంక ప్రాణం ఉన్న ఒంటి సంగతికి వస్తాము. రాత్రి పూట ఫోన్ టార్చి మీద వేలు పెట్టి మూయండి. వేలు ఎర్రగా వెలుగుతుంది. రక్తం నీలాన్ని, పచ్చను మింగేస్తుంది, ఎరుపును పోనిస్తుంది. ఇంకోటి కూడా గమనించండి: లోపల ఎముక నీడ కనిపించదు. వెలుగు తిన్నగా పోక, మాంసంలో అటూ ఇటూ చెదిరి పొగమంచులో బండి లైటు మాదిరి అయిపోతుంది. ప్రాణం ఉన్న ఒంటిని వెలుగుతో కొలవడంలో ఉన్న ఇబ్బంది ఈ రెండూ కలిసి ఉండడమే. వెలుగు తక్కువ తిరిగి వచ్చిందంటే ఏదో మింగిందా, లేక పక్కకు చెదిరిందా? యంత్రానికి కనిపించేది తక్కువ వెలుగు ఒక్కటే.

దీనికి మంచి ఉపాయం కనిపెట్టినాయన జపాన్‌కు చెందిన తకువో అవొయాగి. కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చిన వేలి క్లిప్పు, ఆక్సిమీటర్, ఆయన 1974లో పెట్టిన ఆలోచనే. అది రెండే రంగులు చూస్తుంది, 660 దగ్గర ఎరుపు, 940 దగ్గర కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ నిండిన రక్తం ఎరుపును తక్కువ మింగుతుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ మింగుతుంది. గోరు, ఎముక, చర్మం మింగేది ఎప్పుడూ ఒకటే రకంగా ఉంటుంది, నాడి కొట్టినప్పుడల్లా మారేది ధమనిలో రక్తం ఒక్కటే. ఆ మారే భాగాన్ని మాత్రం తీసుకుని మిగతాది వదిలేశాడు. కష్టాన్ని పక్కన పెట్టిన తెలివి అది. ఆయన 2020 ఏప్రిల్‌లో చనిపోయారు, సరిగ్గా ఆయన వస్తువు కోసం ప్రపంచమంతా షాపుల ముందు నిలబడిన రోజుల్లో.

అంత బాగా చేసిన వస్తువుకే ఒక లోపం ఉంది, మనకు పనికొచ్చే పాఠం అందులోనే ఉంది. ఆక్సిమీటర్‌కు వెలుగు లెక్క నుంచి ఆక్సిజన్ శాతానికి పోయే పట్టిక ఎట్లా వచ్చింది? ఆరోగ్యంగా ఉన్న మనుషులకు ఆక్సిజన్ తక్కువ ఉన్న గాలి పీల్పించి, ఒక పక్క రక్తం తీసి పరీక్ష చేసి, ఇంకో పక్క యంత్రం అంకె రాసుకుని, రెండూ జత చేశారు. 2020 డిసెంబరులో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు లెక్క తీస్తే, యంత్రం బాగుందని చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రోగులు తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడింతలు ఎక్కువ ఉన్నారు. చర్మంలో రంగు ఎక్కువైతే లెక్క తప్పుతోంది. 2021లో ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ కూడా జాగ్రత్త చెప్పింది. యంత్రం చెడిపోలేదు. ఎవరి మీద పట్టిక తయారు చేశారో వాళ్లకు బాగా, మిగతావాళ్లకు కొంచెం తప్పుగా చెప్పింది, అంతే.

ఇంకో ఉదాహరణ పసిపిల్లల కామెర్లు. 1980లో జపాన్‌లోనే మినోల్టా కంపెనీ యంత్రంతో, పిల్ల నుదుటి మీద ఆనించి కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే పద్ధతి మొదలైంది. కామెర్ల పసుపు పదార్థం నీలం వెలుగును మింగుతుంది, ఎంత నీలం పోయిందో చూసి అంకె ఇస్తుంది. సూది లేదు, ఏడుపు లేదు. అయినా అంకె ఎక్కువ వస్తే డాక్టరు రక్తం తీసి పరీక్ష చేయిస్తాడు. యంత్రం పని ఏ పిల్లకు రక్తం తీయాలో తేల్చడం, చికిత్స ఎంత ఇవ్వాలో చెప్పడం కాదు.

ఇప్పుడు మన పురుగు. ఆక్సిమీటర్ ఉపాయం దీనికి పనికిరాదు, ఎందుకంటే పట్టుపురుగు నెత్తురులో ఎర్ర పదార్థమే లేదు. దానికి గాలి పక్కన ఉన్న 9 జతల నల్ల చుక్కల్లోంచి సన్నని గొట్టాల ద్వారా నేరుగా ఒళ్లంతా పోతుంది, నెత్తురుతో ఆ పని లేదు. కాబట్టి పురుగు మీద వెలుగు పెట్టి "ఆక్సిజన్ చూస్తాము" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

పాలరోగం సంగతి వేరు. ఆ రోగంలో నెత్తురు పాల మాదిరి అవుతుంది. పాలు తెల్లగా ఉండేది దేనివల్లో ఇదీ దానివల్లే: లోపల తేలే సన్నని గింజలు అన్ని రంగులనూ ఒకే రకంగా చెదరగొడతాయి. పాలరోగంలో ఆ గింజలు వైరస్ కట్టుకున్న స్ఫటికాలు. కాబట్టి వెలుగుకు పాలరోగం కనిపిస్తుంది అన్న మాట తప్పు కాదు. ఎప్పుడు కనిపిస్తుంది అన్నదే తగాదా. చర్మం మీద నుంచి తెలిసేంత గింజలు చేరేసరికి పురుగు కణుపులు ఉబ్బి, తట్ట అంచు మీద ఊరికే తిరగడం మొదలు పెడుతుంది. అంత వచ్చినాక మనకు యంత్రం ఎందుకు?

ఇంకా ముందుగా పట్టుకోగలము అని అమ్మేవాళ్లు అంటారు. కాదనము. కానీ లెక్క వేయండి. 100 మొట్టలు మేపితే దగ్గర దగ్గర 40 నుంచి 50 వేల పురుగులు. యంత్రం ఒకసారికి చూసేది కొన్ని మిల్లీమీటర్ల చోటు. ఒక్కో పురుగుకు ఒక సెకండు చొప్పున 50 వేల పురుగులకు దాదాపు 14 గంటలు, మధ్యలో మేత వేయకుండా. ఏ పురుగును తాకాలో ముందే తెలిస్తే అది రోగపు పురుగని మనకు ముందే తెలిసినట్టే. పడక మొత్తాన్ని ఒకేసారి చూడాలంటే ఒక్క చోటు కొలిచేది చాలదు, చిత్రం తీసేది కావాలి. బెల్జియంలోని ఐమెక్ అనే సంస్థ కెమెరా చిప్పు మీద ఒక్కో చుక్కకు ఒక్కో రంగు పొర వేసి 16 రంగుల చిత్రం ఒకే క్లిక్కులో తీసే చిప్పులు చేసింది. ఇట్లాంటి కెమెరాలతో ఆపరేషన్ టేబుల్ మీద ఏ మాంసానికి రక్తం అందుతోంది, ఏది అందడం లేదు అని చూసే పని డాక్టర్లు చేస్తున్నారు. పడక మీద పట్టే రోజు వస్తే అది మనకు నిజంగా పనికొచ్చే వస్తువు.

మన షెడ్డులో ఇంకో చిక్కు ఉంది, వీడియోలో ఎవరూ చూపించరు. జ్వరం లేచిన పురుగు మీద మనం సున్నం కలిసిన పడక మందు చల్లుతాము. తెల్ల పొడి అన్ని రంగులనూ చెదరగొడుతుంది, అంటే పాలరోగపు నెత్తురు చేసే పనే అదీ చేస్తుంది. పొడి పడిన మంచి పురుగుకు ఎర్ర గుర్తు వచ్చినా ఆశ్చర్యం లేదు. యంత్రం గాజు మీద పొడి పడినా అంతే. ఎల్ఈడీ బల్బు కింద ఒక అంకె, ఎండలో ఒక అంకె. అందుకే సరైన యంత్రంతో ఒక తెల్ల పలక ఇస్తారు, కొలిచే ముందు ప్రతిసారీ దాన్ని చూపించి "ఇదే తెలుపు" అని యంత్రానికి నేర్పాలి. తెల్ల పలక లేకుండా వచ్చిన యంత్రాన్ని మేము లెక్కలోకి తీసుకోము.

పెబ్రిన్ గురించి కూడా అడిగారు. దీనికి సూటిగా జవాబు ఉంది. 1865 నుంచి ఫ్రాన్స్‌లో అలెస్ అనే ఊరి దగ్గర లూయీ పాశ్చర్ ఏళ్ల తరబడి ఈ రోగం మీద కూర్చుని, గుడ్లు పెట్టిన తల్లి చిలకను నూరి మైక్రోస్కోపులో చూడాలి, కణాలు కనిపిస్తే ఆ గుడ్లు పారేయాలి అన్న పద్ధతి స్థిరం చేశాడు. ఈరోజు మనం కొనే రోగం లేని మొట్టలన్నీ ఆ పరీక్ష దాటి వచ్చినవే. తల్లి నుంచి గుడ్డుకు వచ్చే రోగాన్ని గుడ్డు దగ్గరే ఆపాలి. ఎదిగిన పురుగు మీద ఏ లైటు పెట్టినా అప్పటికి పంట పోయినట్టే. అగ్గిపెట్టె యంత్రం ఉంది కదా అని గుడ్లు ఎక్కడంటే అక్కడ కొనేవాళ్లను చూస్తే మాకు భయం అదే.

తేమ కొలుస్తాము అనేవాళ్లు ఇంకొందరు. నీళ్లు మన కంటికి కనిపించే రంగుల్ని దాదాపు మింగవు, అందుకే గ్లాసులో నీళ్లకు రంగు లేదు. ఇన్‌ఫ్రారెడ్‌లో మాత్రం 970 దగ్గర కొంచెం, 1450 దగ్గర చాలా ఎక్కువ మింగుతాయి. ఇక్కడే ధర సంగతి వస్తుంది. కెమెరాల్లో వాడే మామూలు సిలికాన్ చిప్పు 1100 దాకానే చూడగలదు. అది దాటి చూడాలంటే ఇండియం, గాలియం, ఆర్సెనిక్ కలిపిన వేరే చిప్పు కావాలి, దాని ధర ఎన్నో రెట్లు. కాబట్టి చవక యంత్రం నీటిని 970 దగ్గర, చిన్న గుంటలోనే వెతకాలి. 2014లో ఇజ్రాయెల్ కంపెనీ ఒకటి సియో అనే జేబు యంత్రానికి జనం దగ్గర ఇంటర్నెట్లో 27 లక్షల డాలర్లు పోగు చేసింది, పండు మీద పెడితే తీపి, మాత్ర మీద పెడితే మందు పేరు చెప్తుందని. అది చూసేది 740 నుంచి 1070 దాకా. డబ్బు కట్టినవాళ్లు చాలా కాలం ఎదురు చూశారు, వచ్చినాక వీడియోలో చూపినంత పని చేయలేదని చాలామంది గొణిగారు.

"యంత్రం కూడా వద్దు, ఫోన్ కెమెరాతోనే ఆకు తేమ చెప్తుంది మా యాప్" అనేవాళ్లకు పరీక్ష ఇంట్లోనే ఉంది. టీవీ రిమోట్ ముందు కొసను కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. రిమోట్ వెలుగు 940 దగ్గర ఉంటుంది. చాలా ఫోన్లలో వెనక కెమెరాకు అది కనిపించదు, లేదంటే మిణుకు మిణుకుమంటుంది, ఎందుకంటే ఫోటో రంగులు చెడకుండా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే అద్దం లోపలే పెట్టి ఉంటారు. రిమోట్‌నే సరిగ్గా చూడని కెమెరా 970 దగ్గర నీటి గుంటను ఎట్లా చూస్తుంది?

గుడ్ల కేంద్రాలకు మాత్రం ఈ ఇన్‌ఫ్రారెడ్ పని మీద ఆశ ఉంది. అక్కడ గూడు కోసి, ప్యూపా తిప్పి, తోక దగ్గర గుర్తు చూసి ఆడా మగా వేరు చేస్తారు. ఆడదానికి ఇంటూ గుర్తు లాంటి గీత, మగదానికి చుక్క. రోజంతా కళ్లు పోయే పని. ప్యూపా గుండా ఇన్‌ఫ్రారెడ్ పంపి ఆడా మగా చెప్పే పరిశోధనలు జరిగాయి. అది వాళ్లకు పనికొచ్చేది, గూడు హరాజుకు తీసుకుపోయే మనకు కాదు.

మరి మనకు ఇప్పుడే పనికొచ్చేది ఏమీ లేదా? ఉంది, ఆకు దగ్గర. పురుగులు మారుతూ ఉంటాయి, కదులుతాయి, పొడి పూసుకుంటాయి. ఆకు పలచగా, కదలకుండా, వెలుగుకు అడ్డంగా పట్టుకునేట్టు ఉంటుంది. పసిపిల్లల కామెర్ల యంత్రం చేసిన మినోల్టా కంపెనీదే ఎస్పీఏడీ అనే ఆకు మీటరు ఉంది. ఆకును బట్టల క్లిప్పు మాదిరి పట్టుకుని, 650 దగ్గర ఎరుపు, 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ ఆకు గుండా పంపి, ఎంత పచ్చదనం ఉందో ఒక అంకె ఇస్తుంది. ఆకు మందం వల్ల వచ్చే తేడాను ఇన్‌ఫ్రారెడ్ సరిచేస్తుంది. పచ్చదనం నత్రజనితో కలిసి నడుస్తుంది కాబట్టి యూరియా సంగతి తెలుస్తుంది. వి-1 తోటకు హెక్టారుకు ఏడాదికి 350 కిలోల నత్రజని సిఫారసు. అందులో పదో వంతు మిగిలినా సంచుల లెక్కలో తెలుస్తుంది.

ఇది ఒక్క రైతు కొనే ధర కాదు, నిజం. రైతు సంఘంగానో, చాకీ కేంద్రం తరఫునో ఒకటి ఉంటే చాలు. రేష్మె ఇలాఖా వాళ్లనో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగితే ఒకరోజు తెచ్చి చూపించొచ్చు కూడా.

వాడే పద్ధతి చెప్తాము. వి-1 అంకెను ఎస్-36 అంకెతో పోల్చకండి, రకం మారితే ఆకు మారుతుంది, చర్మం రంగు కథే ఇక్కడా. పక్క ఊరి వాళ్ల అంకె కూడా మనకు వద్దు. మన తోటలోనే ఒక సాలుకు సిఫారసు ప్రకారం పూర్తిగా నత్రజని వేసి, దాన్ని గుర్తు సాలుగా పెట్టుకోవాలి. పొద్దున్నే, మంచు ఆరినాక, ప్రతి చెట్టులో పై నుంచి ఒకే వరస ఆకు, ఉదాహరణకు అయిదోది, ఈనె తగలకుండా పట్టుకుని 30 ఆకులు కొలిచి సగటు తీయండి. మిగతా తోటలోనూ అట్లే. తోట అంకె గుర్తు సాలు అంకెలో నూటికి 95 కంటే తగ్గితే యూరియా వేసే సమయం, లేకపోతే ఇంకొన్ని రోజులు ఆగొచ్చు. ఒకటి మాత్రం చూసుకోండి: గుర్తు సాలు కూడా పసుపుగానే ఉంటే అది నత్రజని కొరత కాదు. ఇనుమో జింకో తక్కువై ఉండాలి, లేదా వేరుకుళ్లు పట్టి ఉండాలి. అప్పుడు మీటరు లోపల పెట్టేసి, ఒక మొక్క పీకి వేరు చూడండి.